రిహాబ్ థెరపీ అసిస్టెంట్ అంటే ఏం పని? ఆరు నెలల కోర్సు చేస్తే సరిపోతుందా?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, చదువు ఒడియాలో. ప్లస్ టూ సైన్స్ అయింది. బరంపురంలో ఒక సంస్థ వాళ్ళు ఆరు నెలల రిహాబిలిటేషన్ థెరపీ అసిస్టెంట్ కోర్సు ఉందన్నారు. అరవై వేలు ఫీజు. అయ్యాక ఆసుపత్రిలో ఉద్యోగం గ్యారంటీ, అమెరికా కూడా వెళ్ళొచ్చు అంటున్నారు. ఇది ఫిజియో పనా, ఆయా పనా? మగ పేషెంట్లను పట్టుకోవాలి కదా అని అమ్మ వద్దంటోంది. ఇది చేశాక ఫిజియో కావచ్చా?"

చెల్లీ, ముందు ఫీజు కట్టకు. సీటు పోతుంది, అడ్వాన్సు అయినా ఇవ్వమంటే, ఇంట్లో మాట్లాడి చెప్తానని వచ్చెయ్. మిగతాది నింపాదిగా చదువు, కాస్త పొడుగ్గానే రాస్తున్నాను.

నేను ఫిజియోథెరపిస్టును. బరంపురంలో మొదలుపెట్టి తర్వాత గుణుపురం, రాయగడ వైపు చాలా ఏళ్ళు తిరిగాను. నా దగ్గర పనిచేసిన అసిస్టెంట్లలో, పేషెంట్‌ను నిలబెట్టడంలో నాకే పాఠం చెప్పగలిగినవాళ్ళున్నారు. సర్టిఫికెట్‌కు ఫ్రేము కట్టించుకుని, వీల్‌చెయిర్ బ్రేకు వెయ్యకుండా మనిషిని దింపబోయినవాళ్ళూ ఉన్నారు. తెలివితేటల్లో ఇద్దరికీ పెద్ద తేడా లేదు. ఒకరికి పక్కన నిలబడి నేర్పారు, ఇంకొకరికి నోట్సు ఇచ్చి పంపించారు.

ఆయా పనా అన్నావు. ఆయా పనిని చిన్నచూపు చూడకు కానీ, ఇది అది కాదు. బయటినుంచి చూస్తే సగం పనులు ఒకేలా ఉంటాయి: పక్క మార్చడం, కూర్చోబెట్టడం, బాత్రూముకు తీసుకెళ్ళడం. తేడా ఎక్కడుందో చొక్కా తొడగడం దగ్గర తెలుస్తుంది. పక్షవాతం వచ్చిన మనిషికి ఆయా చొక్కా తొడుగుతుంది. అసిస్టెంట్ అతని చేతే తొడిగిస్తుంది. ముందు పడిపోయిన చెయ్యి దూర్చాలి, తర్వాత బాగున్న చెయ్యి. విప్పేటప్పుడు అటుదిటు, ముందు బాగున్న చెయ్యి బయటికి రావాలి. మొదట్లో దీనికే పావుగంట పడుతుంది. అతను గుండీతో కుస్తీ పడుతుంటాడు, పక్కన భార్య "నేను పెట్టేస్తానులే" అంటుంటుంది, నీకూ చెయ్యి వెయ్యాలనిపిస్తుంది. వెయ్యకుండా కూర్చోవాలి. ఎంతవరకు అతనే చెయ్యగలడు, ఎక్కడ నిజంగా సాయం కావాలి అన్నది కనిపెట్టడమే అసలు నైపుణ్యం.

ఇక ఫిజియో పని. పేషెంట్‌ను పరీక్షించడం, కండరాల్లో బలమెంత, బిగువెంత, స్పర్శ ఉందా లేదా చూడటం, నెలలోపు ఏం సాధించాలో అనుకోవడం, దానికి ఏ వ్యాయామం ఎన్నిసార్లు అని రాయడం, ఇవన్నీ థెరపిస్టు బాధ్యత. రాసిన ప్లాన్‌ను చేయించడం, జరిగింది రాసిపెట్టడం, తేడా కనబడితే వెంటనే చెప్పడం అసిస్టెంట్ బాధ్యత. ప్లాన్ మార్చే అధికారం అసిస్టెంట్‌కు లేదు. యూట్యూబులో చూసిన వ్యాయామం కలపడం, మెషిన్ మీద కరెంటు పెంచడం, "మీకు డిస్కు జారింది" అని చెప్పడం, ఈ మూడూ నీ పనులు కావు. పేషెంట్లు అడుగుతారు, బతిమాలతారు కూడా. ఫిజియోథెరపీతో పాటు ఆక్యుపేషనల్ థెరపీలోనూ అసిస్టెంట్లుంటారు. అక్కడ తినడం, స్నానం, రాత, వంట లాంటి రోజువారీ పనులు మళ్ళీ నేర్పించడం ఉంటుంది. మన జిల్లాల్లో రెండూ ఒకే మనిషి నెత్తిన పడతాయి.

పెద్ద ఊళ్ళో థెరపిస్టు పక్క గదిలోనే ఉంటాడు. గజపతి జిల్లా పల్లెల్లోనో, రాయగడ కొండల్లోనో థెరపిస్టు వారానికోసారి వస్తే గొప్ప. మధ్యలో మిగతా రోజులన్నీ పేషెంట్ అసిస్టెంట్ కళ్ళ ముందే ఉంటాడు. అందుకే నేను మనిషిని పనిలో పెట్టుకునేటప్పుడు ఎన్ని వ్యాయామాలు తెలుసు అని అడగను. చూసింది చూసినట్టు చెప్పగలదా అని చూస్తాను. "బానే ఉన్నాడండీ" అనే రిపోర్టు నాకు దేనికీ పనికిరాదు. "నిన్న వాకర్‌తో గుమ్మం దాకా వెళ్ళాడు. ఇవాళ మంచం దిగగానే పిక్క నొప్పి అన్నాడు. ఎడమ పిక్క వాచింది, ముట్టుకుంటే కుడిదాని కన్నా వేడిగా ఉంది. నడిపించలేదు" అని ఫోన్లో చెబితే, అది ప్రాణం నిలబెట్టే రిపోర్టు. చాలా రోజులు మంచాన ఉన్నవాళ్ళకు కాలి లోపలి రక్తనాళంలో గడ్డ కట్టవచ్చు. అది ఊడి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే మనిషి దక్కడం కష్టం. అలాంటప్పుడు నడిపించకూడదు, పిక్క పిసక్కూడదు, నేరుగా డాక్టరు దగ్గరికి పంపాలి. మన ఇళ్ళలో కాలు వాచిందంటే ముందు ఆవనూనో కొబ్బరినూనో కాచి మర్దన మొదలుపెడతారు. ఆ చేతిని ఆపడం కూడా నీ పనే.

పని దగ్గరగా ఎలా ఉంటుందో ఒకటి చెప్తాను. కాశీనగర్ దగ్గర ఒక ఊళ్ళో ఒకాయనకు ఎడమవైపు పడిపోయింది. విశాఖలో చూపించుకుని ఇంటికి తెచ్చారు. రోజూ భార్య, కొడుకు చెరో పక్కా చేరి, కొడుకు పడిపోయిన చెయ్యి పట్టుకుని పైకి లాగేవాడు. భుజం కీలును పట్టి ఉంచే కండరాల్లో బలం లేనప్పుడు అలా లాగితే కీలు కిందికి జారుతుంది, నొప్పి మొదలవుతుంది. ఒకసారి ఆ నొప్పి పట్టుకుంటే పేషెంట్ ఆ చేతిని ఎవర్నీ ముట్టుకోనివ్వడు, ఇక వ్యాయామం ఏం చేయిస్తావు?

మా అసిస్టెంట్ వెళ్ళి ముందు మనిషిని కాదు, మంచాన్ని చూసింది. నులక మంచం, మధ్యలో కుంగిపోయి ఉంది, పైగా పొట్టిది. అంత కిందినుంచి లేవడం ఆరోగ్యంగా ఉన్న ముసలివాళ్ళకే కష్టం. నులక బిగించమంది, నాలుగు కోళ్ళ కిందా ఇటుకలు పెట్టించింది, మంచం కదలకుండా గోడకు ఆనించింది. చేతుల కుర్చీ ఒకటి తెచ్చి ఆయన కుడిపక్కన, అంటే బలమున్న పక్కన, కాస్త ఏటవాలుగా వేసింది. ఆయన్ను మంచం అంచుకు జరిపించింది. పాదాలు రెండూ నేలకు ఆని, మోకాళ్ళ కన్నా కాస్త వెనక్కి ఉన్నాయో లేదో చూసింది. నడుముకు బెల్టు కట్టి అక్కడ పట్టుకుంది, చంకలో చెయ్యి వెయ్యలేదు. పడిపోయిన మోకాలు ముడుచుకుపోకుండా తన మోకాలు అడ్డం పెట్టింది. "తాతా, ముక్కు నీ బొటనవేళ్ళ మీదికి వచ్చేదాకా ముందుకు వంగు" అంది. ఆయన వంగాడు, పిర్రలు వాటంతటవే లేచాయి. ఇందులో బలంతో చేసిన పని చాలా తక్కువ. తర్వాత అదంతా భార్య చేత చేయించింది, తను పక్కన నిలబడి. ఆవిడకు చేతకాగానే కొడుకు పొలం పనికి వెళ్ళడం మొదలుపెట్టాడు. ఆ ఇంటికి అది చిన్న విషయం కాదు.

మన వైపు వచ్చే పేషెంట్లు పుస్తకంలో ఉన్న వరసలో రారు. పక్షవాతం ఎలాగూ ఎక్కువ. తాటిచెట్టు మీంచో జీడిమామిడి మీంచో పడి వెన్నుపూస విరిగినవాళ్ళు, గంజాం నుంచి సూరత్‌కో కేరళకో పనికి వెళ్ళి దెబ్బ తగిలి తిరిగొచ్చినవాళ్ళు, పుట్టుకతో మెదడు దెబ్బతిన్న పిల్లలు, కుష్ఠు మందులు వాడి జబ్బు నయమైనా వేళ్ళు వంకరపోయినవాళ్ళు, వంకర పాదాల పిల్లలు. ఒక్కో గుంపుకూ ఒక్కో ప్రమాదం ఉంది. శిక్షణ బాగుందా లేదా అన్నది ఆ ప్రమాదాలు నీకు నేర్పారా లేదా అన్నదాన్ని బట్టి తెలిసిపోతుంది.

వెన్ను దెబ్బవాళ్ళ సంగతి చూడు. నడుము కింద స్పర్శ ఉండదు కాబట్టి ఒకేచోట కూర్చున్నా పడుకున్నా చర్మం పుండు పడుతుంది, వాళ్ళకు తెలియదు. మంచం మీద రెండు గంటలకోసారి పక్క మార్చాలి, వీల్‌చెయిర్లో పావుగంటకో ఇరవై నిమిషాలకో చేతుల మీద లేచి కూర్చోవడం అలవాటు చెయ్యాలి. రోజూ అద్దం పెట్టి వాళ్ళ వెనకవైపు వాళ్ళకే చూపించాలి. ఎర్రబడి, వేలితో నొక్కినా తెల్లబడకపోతే అది పుండుకు మొదలు. స్పర్శ లేని కాలికి వేడినీళ్ళ బ్యాగు పెడితే బొబ్బలెక్కేదాకా ఎవరికీ తెలియదు. అంతకన్నా ముఖ్యమైనది ఇంకోటుంది. ఛాతీ భాగంలో ఆరో వెన్నుపూస దగ్గర గానీ అంతకు పైన గానీ దెబ్బ తగిలినవాళ్ళకు, ఉన్నట్టుండి తల పగిలిపోయేంత నొప్పి, ముఖమంతా చెమట, ఎరుపు వచ్చాయంటే అది మామూలు తలనొప్పి కాదు. బీపీ ప్రమాదకరంగా పెరుగుతోందని అర్థం. చాలాసార్లు కారణం మూత్రం గొట్టం మడతపడటమో, మూత్రసంచి నిండిపోవడమో, మలబద్ధకమో అవుతుంది. వెంటనే కూర్చోబెట్టాలి, బిగువు బట్టలు వదులు చెయ్యాలి, గొట్టం చూడాలి, డాక్టరును పిలవాలి. పడుకోబెట్టి తలకు బామ్ రాస్తూ కూర్చుంటే మెదడులో రక్తస్రావం కావచ్చు. ఈ ఒక్క విషయం మీ కోర్సులో చెబుతారా అని అడుగు. వాళ్ళు తెల్లముఖం వేస్తే అక్కణ్ణుంచి వచ్చెయ్.

కుష్ఠు పేషెంట్ల పని సాదాసీదాగా కనబడుతుంది, ఫలితం మాత్రం గొప్పగా ఉంటుంది. స్పర్శ లేని పాదాలను రోజూ ఇరవై నిమిషాలో అరగంటో మామూలు నీళ్ళలో నానబెట్టడం, గట్టిపడిన చర్మాన్ని గరుకు రాయితో మెల్లగా రుద్దడం, తడి ఆరకముందే నూనె రాయడం, మెత్తటి ఎంసీఆర్ రబ్బరు చెప్పులు వేయించడం. అంతే. ఇది రోజూ చేసినవాళ్ళ పాదం నిలుస్తుంది. దీనికి డిగ్రీ అక్కర్లేదు, కానీ ఎవరో ఒకరు ఆ మనిషి పాదాన్ని అసహ్యం లేకుండా చేతిలోకి తీసుకుని మొదటిసారి చూపించాలి.

మెదడు దెబ్బతిన్న పిల్లల్లో చాలామందికి తల్లులు పడుకోబెట్టి గంజో జావో పోస్తారు. మింగడం సరిగా రాని బిడ్డకు అది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా తెస్తుంది. మెడ కాస్త ముందుకుండేలా నిటారుగా కూర్చోబెట్టి, చిన్న చెంచాతో తినిపించడం నేర్పాలి. బిగుసుకున్న కాళ్ళను గబుక్కున లాగితే ఇంకా బిగుస్తాయి, నెమ్మదిగా సాగదీసి పట్టుకోవాలి. వంకర పాదాల పిల్లలకు పోన్సెటి పద్ధతిలో వారం వారం కట్లు మార్చి పాదం సరిచేస్తారు, ఆ పని డాక్టరుది. కానీ తర్వాత బూట్లు బిగించిన కడ్డీ ఉంటుంది. మొదటి మూడు నెలలు దాదాపు రోజంతా, ఆ తర్వాత నాలుగైదేళ్ళు వచ్చేదాకా రాత్రిళ్ళు వెయ్యాలి. బిడ్డ ఏడుస్తోందని నాయనమ్మ దాన్ని విప్పి అటక మీద పెడుతుంది. పాదం మళ్ళీ తిరిగిపోతుంది. ఇంటికి వెళ్ళి ఆ నాయనమ్మతో మాట్లాడేది అసిస్టెంటే.

మెషిన్ల గురించి ఎక్కువ రాయను. మన ఊళ్ళలో ఫిజియో అంటే "కరెంటు పెట్టడం" అనుకుంటారు, సంస్థలు కూడా మెషిన్లు చూపించే ఫీజు వసూలు చేస్తాయి. టెన్స్ (నొప్పికి చర్మం మీద పెట్టే చిన్న కరెంటు), అల్ట్రాసౌండ్, మైనం స్నానం ఇవన్నీ నేర్చుకోవచ్చు. గుండెకు పేస్‌మేకర్ ఉందా, లోపల ఇనుప రాడ్డుందా, గర్భమా, క్యాన్సరా, స్పర్శ ఉందా అని ప్రతిసారీ అడగకుండా ఏదీ పెట్టకూడదని తెలిస్తే అసిస్టెంట్‌కు చాలు. నా లెక్కలో మెషిన్ గది పెద్దదిగా, మంచాలు తక్కువగా ఉన్న శిక్షణ సంస్థను అనుమానించాలి.

ఇప్పుడు అసలు ప్రశ్న, ఆ ఆరు నెలల సర్టిఫికెట్. మన దేశంలో ఈ రంగాన్ని రెండు చట్టాలు చూస్తాయి. ఒకటి 1992 నాటి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా చట్టం. అందరూ ఆర్‌సీఐ అంటారు. స్పెషల్ టీచర్లు, మాట-వినికిడి నిపుణులు, కృత్రిమ అవయవాలు చేసేవాళ్ళు, రిహాబిలిటేషన్ థెరపిస్టులు, అలాంటి కొన్ని వృత్తులు దాని కిందికి వస్తాయి. గుర్తింపు ఉన్న కోర్సు చేసి, కేంద్ర పునరావాస రిజిస్టర్లో పేరు ఎక్కించుకుంటేనే ఆ వృత్తి చెయ్యాలి. లేకుండా చేస్తే ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ అని చట్టంలోనే ఉంది. రెండోది 2021లో వచ్చిన జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం. ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ దీని కింద ఉన్నాయి. ఈ చట్టం ప్రకారం అనుబంధ ఆరోగ్య వృత్తి నిపుణులు అనిపించుకోవాలంటే కనీసం 2,000 గంటల చదువు ఉండాలి, అదీ రెండు నుంచి నాలుగేళ్ళ మధ్య సెమిస్టర్లుగా సాగిన డిప్లొమా గానీ డిగ్రీ గానీ. థెరపిస్టుల వంటి ఆరోగ్య సంరక్షణ నిపుణులకైతే 3,600 గంటలు, మూడు నుంచి ఆరేళ్ళు.

కాబట్టి ఆరు నెలల కోర్సు చేసినవాళ్ళు ఈ చట్టం కింద ఆ హోదా పొందలేరు. "గవర్నమెంట్ రికగ్నైజ్డ్" అని బోర్డు మీద ఎంత పెద్దగా రాసినా లెక్క మారదు. అలాగని ఆరు నెలల కోర్సులన్నీ దండగ అనను. ఆర్‌సీఐ వాళ్ళు మెల్‌బోర్న్ యూనివర్సిటీతో కలిసి 2021లో మొదలుపెట్టిన ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు ఉంది, సమాజ ఆధారిత సమ్మిళిత అభివృద్ధి అనే పేరుతో. అది చేసినవాళ్ళను దివ్యాంగ్ మిత్ర అంటారు. ఆశా, అంగన్‌వాడీ వాళ్ళతో కలిసి ఊళ్ళో పనిచేసే మనుషుల కోసం అది. వైకల్యం ఉన్నవాళ్ళను గుర్తించడం, ఎక్కడికి పంపాలో చెప్పడం, కుటుంబానికి నేర్పడం దాని ఉద్దేశం. ఊళ్ళో పని ఇష్టమైతే అది మంచి మొదలు. ఆసుపత్రిలో ఫిజియో విభాగం ఉద్యోగానికి అది దారి కాదు. నీకు బరంపురంలో చెబుతున్న కోర్సు ఇదేనా, వేరేనా అన్నది ముందు తేల్చుకో. ఆర్‌సీఐ వెబ్‌సైట్లో రాష్ట్రాల వారీగా ఆమోదం ఉన్న సంస్థలు, కోర్సుల జాబితా ఉంటుంది. సంస్థ పేరు, కోర్సు పేరు, ఏ ఏడాది దాకా ఆమోదం, మూడూ అక్కడ చూడు. సంస్థకు ఒక కోర్సులో ఆమోదం ఉంటే, దాన్ని చూపించి ఇంకో కోర్సు అమ్మేవాళ్ళూ ఉన్నారు.

అమెరికా మాట విని నవ్వొచ్చింది, బాధా వేసింది. అక్కడ ఫిజికల్ థెరపిస్ట్ అసిస్టెంట్ అనేది లైసెన్స్ ఉన్న వృత్తి. గుర్తింపు పొందిన కాలేజీలో సుమారు రెండేళ్ళ అసోసియేట్ డిగ్రీ చెయ్యాలి, అందులోనే ఆసుపత్రి శిక్షణ ఉంటుంది, తర్వాత జాతీయ స్థాయి పరీక్ష పాసై రాష్ట్రం లైసెన్స్ తీసుకోవాలి. అక్కడ కూడా పేషెంట్‌ను పరీక్షించి ప్లాన్ రాసేది థెరపిస్టే. ఇక్కడి ఆరు నెలల కాగితం పట్టుకుని ఆ పరీక్షకు కూర్చోనివ్వరు. ఇక్కడున్నది, అక్కడున్నది ఒకే పేరు కాబట్టి ఒకటే అనిపిస్తారు, ఆ పేరు మీదే వ్యాపారం నడుస్తోంది.

సంస్థకు వెళ్ళినప్పుడు మీ నాన్ననో అన్ననో తోడు తీసుకెళ్ళు, ఇవి అడుగు. ఏ ఆసుపత్రిలో ప్రాక్టికల్స్, వాళ్ళతో రాసుకున్న ఒప్పందం చూపిస్తారా? వారానికి ఎన్ని గంటలు పేషెంట్ల దగ్గర ఉంటాం? అప్పుడు మా పక్కన నిలబడేది ఎవరు, బీపీటీ, అంటే ఫిజియోథెరపీ డిగ్రీ, చేసినవాళ్ళా, నిరుడు ఇదే కోర్సు చేసిన సీనియరా? లాగ్‌బుక్ ఉందా, ప్రతి పని పక్కనా ఎవరు సంతకం పెడతారు? చివర్లో పరీక్ష పేషెంట్ మీద ఉంటుందా, కాగితం మీదేనా? నిరుటి బ్యాచ్‌లో ఇద్దరి ఫోన్ నంబర్లు అడుగు. ఫోన్ నంబర్లు ఇవ్వడానికి నసిగే సంస్థ ఉద్యోగం గ్యారంటీ ఇవ్వడం ఏమిటో నాకెప్పుడూ అర్థం కాదు.

మంచి శిక్షణలో మొదటి నెలల్లో నేర్చుకునేవి ఇవి: ఎముకలు, కండరాలు, కీళ్ళ పేర్లు, చేతులు కడుక్కునే పద్ధతి, నాడి, బీపీ, ఆయాసం చూడటం, మన నడుము విరక్కుండా మనిషిని కదిలించడం, వాకర్, కర్ర, క్రచ్‌ల ఎత్తు సరిచెయ్యడం. కర్ర సంగతే తీసుకో. మనిషి నిలబడి చెయ్యి వేలాడేస్తే మణికట్టు దగ్గరికి పిడి రావాలి, పట్టుకోవాల్సింది బలమున్న వైపు చేతితో. కాలు నొప్పి ఉన్నవైపే కర్ర పట్టుకుని కుంటుతూ వెళ్ళేవాళ్ళను పర్లాకిమిడి బజారులో రోజూ చూస్తుంటావు. ఎవరూ చెప్పలేదు వాళ్ళకు. వీల్‌చెయిర్ కూడా అంతే. ఉచిత శిబిరంలో ఇచ్చిన కుర్చీ సన్నటి పిల్లకు వెడల్పై, ఒక పక్కకు ఒరిగిపోయి కూర్చుంటుంటే, మడిచిన దుప్పటి ఎక్కడ దూర్చాలి, పాదాల పలక ఎంత పైకెత్తాలి అని చూసేవాళ్ళు లేక చాలా కుర్చీలు పెరట్లో కోళ్ళకు పనికొస్తున్నాయి.

నీకున్న ఒక బలం గురించి నువ్వు రాయలేదు. ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా. బరంపురం నుంచి జయపురం దాకా ఈ పనిలో అది సగం అర్హత. మన పేషెంట్లు ఆపరేషన్‌కు శ్రీకాకుళమో విశాఖో వెళ్తారు, కాగితాలు తెలుగు డాక్టర్లు ఇంగ్లీషులో రాస్తారు. పెన్షన్‌కు, యూడీఐడీ అనే వైకల్య గుర్తింపు కార్డుకు మాత్రం ఒడిశా ఆఫీసులో ఒడియాలో మాట్లాడాలి. రెండు వైపులా చదివి చెప్పగల అసిస్టెంట్ దొరికితే కుటుంబాలకు సగం టెన్షన్ తగ్గుతుంది. వీలైతే సవర భాష కూడా కొంచెం పట్టు. గజపతి, గుణుపురం కొండల్లో పెద్దవాళ్ళు చాలామంది అదే మాట్లాడతారు. "నొప్పి ఎక్కడ, పోటా, తిమ్మిరా, మంటా" అన్నది వాళ్ళ భాషలో అడగలేకపోతే, పక్కింటి కుర్రాడు చెప్పిన అనువాదం మీద ఆధారపడాలి. వాడు అన్నిటికీ "నొప్పంట" అని ఒక్క ముక్కలో తేల్చేస్తాడు.

అమ్మ మాట. ఆవిడ భయం అర్థం లేనిది కాదు, కాబట్టి కొట్టిపారెయ్యకు. ఒళ్ళు పట్టుకునే పనే ఇది. ముట్టుకునే ముందు ఎక్కడ, ఎందుకు ముట్టుకుంటున్నానో చెప్పడం, ఒప్పుకున్నాకే ముట్టుకోవడం, అవసరమైనంత వరకే బట్ట తొలగించి మిగతాది దుప్పటితో కప్పడం, ఇంటికి వెళ్ళినప్పుడు ఇంటివాళ్ళు ఒకరు గదిలో ఉండేలా చూసుకోవడం, ఇవన్నీ శిక్షణలో భాగమే. నీకు ఇబ్బందిగా అనిపిస్తే వద్దని చెప్పే హక్కు నీకూ ఉంది. ఆ మాటకు విలువివ్వని చోట పనిచెయ్యకు. ఇంకో వైపు కూడా అమ్మకు చెప్పు: ఆడ పేషెంట్లు, ముఖ్యంగా కాన్పు తర్వాత మూత్రం ఆపుకోలేక బాధపడేవాళ్ళు, మగ థెరపిస్టుతో నోరు విప్పరు. మన పల్లెల్లో ఆడ అసిస్టెంట్ లేకపోతే ఆ బాధ ఇంట్లోనే ఉండిపోతుంది. కుదిరితే అమ్మను ఒకరోజు ఏదైనా ఆసుపత్రి ఫిజియో విభాగానికి తీసుకెళ్ళి కూర్చోబెట్టు. చూశాక ఆవిడే మాట్లాడుతుంది.

తర్వాత ఫిజియో కావచ్చా అన్నావు. సర్టిఫికెట్ నుంచి ఫిజియోకు మెట్లెక్కినట్టు ఎక్కే దారి లేదు. బీపీటీకి మొదటి ఏడాది నుంచే చేరాలి. నీకు ప్లస్ టూలో బయాలజీ ఉండి, మార్కులు పర్వాలేదనుకుంటే, నా సలహా ముందు ఆ ప్రయత్నమే. కటక్ దగ్గర ఓలట్‌పూర్‌లో స్వామి వివేకానంద జాతీయ పునరావాస శిక్షణ, పరిశోధన సంస్థ ఉంది. 1975లో కృత్రిమ అవయవాల సంస్థ అలింకోకు అనుబంధంగా మొదలై, 1984లో స్వయంప్రతిపత్తి పొందింది. ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ, కృత్రిమ అవయవాల డిగ్రీలు మూడూ అక్కడున్నాయి, ప్రవేశ పరీక్ష ఉంటుంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ కాబట్టి ప్రైవేటు కాలేజీల ఫీజులతో పోలికే లేదు. కోల్‌కతాలోనూ చెన్నైలోనూ ఇలాంటి జాతీయ సంస్థలున్నాయి. ఆ ఏడాది నోటిఫికేషన్‌లో పరీక్ష, అర్హత చూసుకుని దరఖాస్తు పెట్టు. అందరూ ఫిజియో ఒక్కదానికే ఎగబడతారు, ఆక్యుపేషనల్ థెరపీ సీటు వచ్చినా వదులుకోకు. పిల్లల కేంద్రాల్లో దానికి గిరాకీ బాగుంది. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలతో పని నచ్చితే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థ డిప్లొమాలు కూడా చూడు. మాట, వినికిడి వైపైతే ఆర్‌సీఐ గుర్తింపు ఉన్న ఏడాది డిప్లొమా ఒకటుంది. సీటు రాకపోతే, ఇల్లు గడవడానికి వెంటనే సంపాదన కావాలంటే, అప్పుడు అసిస్టెంట్ దారి.

జీతం గురించి గొప్పలు చెప్పను. మొదట్లో తక్కువే. క్లినిక్కులు పొద్దున, సాయంత్రం రెండు పూటలూ రమ్మంటాయి, మధ్యాహ్నం ఖాళీ, ఇంటికి వెళ్ళి రావడానికి కుదరదు. ఇళ్ళకు వెళ్ళే పనిలో కాస్త మెరుగు, కానీ బస్సు ఖర్చు ఎవరు పెట్టుకుంటారో ముందే మాట్లాడుకోవాలి. క్లినిక్కు యజమాని నిన్ను "డాక్టరమ్మా" అని పేషెంట్లకు పరిచయం చేసి, తను లేనప్పుడు కొత్త కేసులు చూడమంటే మాత్రం ఒప్పుకోకు. పేషెంట్‌కు ఏమైనా అయితే ఆ రోజు రిజిస్టర్లో ఉండేది నీ చేతిరాత.

ఇప్పుడు చెయ్యాల్సింది: రేపే ఆర్‌సీఐ జాబితాలో ఆ సంస్థ పేరు వెతుకు, కోర్సు పేరు ఉన్నదున్నట్టు ఇక్కడ రాయి, ప్లస్ టూ మార్కులు కూడా. అవి చూసి ఏ నోటిఫికేషన్లకు పెట్టాలో చెప్తాను.